ఒక్క వంపు

మా దిక్కు విలాయత్ అంటే సముద్రం అవతలి దేశం.
ఇక్కడ విలాయత్ అంటే తాలూకా.
ఈ తాలూకాకు పదకొండేండ్ల సంది
గ్రేడర్‌తోని తల దువ్వుతున్న.

ఎల్లలు చెప్పుమంటే చెప్త.
తూర్పున సముద్రం. కనబడదు, వాసనొస్తది.
పడమట ఇసుక, దాని అవతల ఇంకో రాజు.
ఉత్తరానికీ దక్షిణానికీ ఒకటే తారురోడ్డు,
మస్కట్ నుంచి సలాలా పోయేటోళ్ళు
పెట్రోలు పోయించుకొని, ఊరి పేరడుగకుండ పోతరు.
నడుమ సున్నపురాయి, రొట్టె పెనం లెక్క చదును.
మనిషికీ మనిషికీ మధ్య
మా మెట్‌పల్లి మండలమంత జాగ.

నది లేదు. వాగని పేరున్న చోట
నీళ్ళు పారిన సాలు బఖీత్‌కు యాదికున్నది:
ఆయన పెద్దకొడుకు పుట్టిన యేడు.
ఆ కొడుక్కిప్పుడు గడ్డం నెరిసింది.
ఎండకాలం తెల్లారుజామున మాత్రం
సముద్రమే పొగమంచై నడిచొస్తది.
మేకలు ఒకదాని వీపు ఒకటి నాకుతయి.
బఖీత్ తల్లి తుమ్మకొమ్మకు దుప్పటి గట్టి
పొద్దుగాల పిండి, పిల్లలకు తాపేదట.
ఒక్కో పిల్లకు రెండు గుక్కలు.
చిన్నోడు బఖీత్, మూడు.

చరిత్ర అడిగితే రాళ్ళు చూపిస్తడు.
ఇగో ఆల్చిప్పలు. అవి గట్టెక్కలేదు,
సముద్రమే దిగిపోయింది.
ఇగో ఆకాశం నుంచి పడ్డ నల్లరాళ్ళు, మాడిన బెల్లంముద్దలు,
తెల్లోళ్ళొచ్చి సంచులల్ల ఏరుకపోంగ మిగిలినయి.
నూనె వెతికినోళ్ళ డబ్బాలు, ముట్టుకుంటే రాలుతయి.
ఒక ఒంటె కోసం రెండు తెగలు కొట్లాడిన గుంట.
ఒంటె పేరు అందరికీ తెలుసు.
చచ్చినోళ్ళు ఏడుగురు, పేర్లు రెండే దొరుకుతయి.

గుంటలల్ల జమ్మి. వాళ్ళు గాఫ్ అంటరు.
మొదటి దసరాకు నాలుగాకులు తెంపి
బఖీత్ చేతుల పెట్టి, అలాయ్ బలాయ్ తీసుకొని
బంగారం, అన్న.
ఆయన వాసన చూసి
మేకకు పెట్టిండు.

పోయినేడు కొత్తబాట పని.
తొంభై కిలోమీటర్లు, నకాశ మీద
దారం గుంజి కొట్టినట్టు గీత.
అరవై రెండో కిలోమీటరు కాడ బ్లేడు దించితే
బఖీత్ పికప్ అడ్డం పెట్టి దిగిండు.
ఏమనలే. నేల మీద కూసున్నడు.
అప్పుడు చూసిన రాళ్ళు, జానెడెత్తు:
తలకాడొకటి, కాళ్ళకాడొకటి,
నడుమ ఇంకొకటి.
నడుమ రాయుంటే ఆడమనిషి. అది ఆయనే నేర్పిండు ఎన్నడో.

ఇంజను బందు జేసిన.
ఫ్లాస్కుల చాయ్ చల్లారింది, అదే తాగినం.
ఆయన జరుపు అనలే.
నేను జరుపుతనని అనలే.
మళ్ళ చాలు జేసి
బ్లేడు ఎడమకు తిప్పిన, యాభై గజాలు.

పాలక్కాడు ఇంజనీరు ప్రసాదన్ వచ్చి చూసిండు.
ఇంత చదును నేల మీద వంపెందుకన్నడు.
నేల మెత్తగున్నది సార్, అన్న.
బూటు మడిమతోని తన్ని చూసిండు. టంగుమన్నది.
చానాసేపు బఖీత్ పికప్ దిక్కు చూసి
కాగితం మీద రాసుకున్నడు: మెత్తటి నేల.

ఈ యేడు జనాభా లెక్కల పిల్లగాడొచ్చిండు, హమూద్.
మూడు దినాలల్ల పంతొమ్మిది ఇండ్లు.
ఒంటెలను మస్తు శ్రద్ధగ అడిగిండు.
నన్ను వేరే కాగితం మీద ఎక్కించిండు,
నా ఊరి పేరు రెండుసార్లు తప్పు రాసి.
వాపసు పోంగ ఆ వంపు కాడ బ్రేకు కొట్టి
ఇక్కడేమున్నది? అన్నడు.

బఖీత్ నా మొకం చూడలే.
మెత్తటి నేల, అన్నడు.
పిల్లగాడు తలూపి గేరేసిండు.